పదమూడో బొక్క

ఆదివారం. ఇంకా తెల్లారలే.
కొల్లాపురం బస్టాండు ఎనుక సందుల
మొద్దు మీద కత్తి పడ్డ సప్పుడు.
దాన్ని పట్టుకొని పోతే చాలు,
బోర్డు లేదు, రేటు రాసిన పలక లేదు.

మా నాయిన ఈ సందుకు వొస్తే
సంచి అడుగున కూర, మీద గోంగూర కట్ట.
నేను స్టీలు డబ్బ తెచ్చిన, మూత తీసే పట్టుకున్న.
నలభై ఏండ్లల్ల మారింది గంతే.

"కూర వొద్దు. పక్క బొక్కలు కావాలె.
ఇడగొట్టకు, పలకకు పలకనే ఇయ్యి."
కూతాడి ఈదమ్మ నన్ను కిందికి మీదికి చూసింది.
"మెత్తది ఇడిసి బొక్కలేం దింటవు బిడ్డా,
పండ్లు రాలే ఈడుల?"
అన్నదేగాని, లోపటికెళ్లి ఒక పలక తీసి
దీపం ముంగట ఎత్తి పట్టింది,
సగం అల్లి ఇడిసిన తట్ట లెక్క.
ఎముక నడుమ ఎరుపుల నుంచి దీపం కనబడ్డది.
"కొవ్వు గోరంత మందం ఉండాలె.
ఎక్కువుంటె కారి మంట లేస్తది.
ఏం జేస్తవో నాకు తెల్వదు, మంట సంగతి తెలుసు."

ఇంటికొచ్చి లెక్కబెట్టిన. పన్నెండు.
మళ్ల పోయి అడిగిన.
"పదమూడోది నాది," అన్నది కత్తి తుడుస్తూ,
"మా అత్త నాటి నుంచి గంతే."

బొక్కల ఎనుక దిక్కు ఒక పొర ఉంటది,
తడిసిన పతంగి కాగితం లెక్క.
అది ఉంటె ఉప్పు పట్టదు, పొగ పట్టదు.
చెంచా కొనతోని ఒక మూల లేపి
పాత బనీను గుడ్డతోని పట్టి గుంజాలె.
ముప్పై ఏండ్లు మోటార్ల వైండింగు ఊడబెరికిన చేతులు నావి,
అయినా రెండుసార్లు నడుమల తెగింది.

దొడ్డుప్పు, మిరియాలు, ఎండుమిరప, ఎల్లిగడ్డ,
పిడికెడు బెల్లం.
మా ఆమె తినది. రోలు ఇయ్యనన్నది,
మిక్సీ ఇచ్చింది. గదీ నయమే.

డ్రమ్ము మా షాపు పక్క జహంగీరు జేసిండు.
సగానికి కోసి, కబ్జాలు పెట్టి
"ఏం వండుతవో నాకు చెప్పకు,
గాలి యాడికెళ్లి రావాలె, యాడికి పోవాలె, అది చెప్పు" అన్నడు.
కింద నాలుగు బొక్కలు, మీద రెండు కొట్టిండు.
పైసలు మాత్రం పూర్తిగ తీసుకున్నడు.

తుమ్మ వొద్దు, ఘాటు. యాప అసలే వొద్దు, చేదు.
నిరుడు గాలివానకు ఇరిగిన మామిడి కొమ్మ,
ఏడాది ఎండింది, కొడితే టంగుమంటది.
మొదలు తెల్ల పొగ లేస్తది, దగ్గిస్తది.
అప్పుడు మాంసం పెట్టొద్దు. ఆగాలె.
పొగ సన్నవడి, నీలంగ,
ఆరిపోయే బీడీ కొస మీదిదాని లెక్క అయినప్పుడు
పలక లోపటికి.
పాత సామాన్ల కొన్న మీటరు ముల్లు
నూట పది కాడ నిలవాలె.
ఆరు గంటలు. మూత తీసి తొంగిచూసిన కొద్దీ
ఇంకో పావుగంట.

పొద్దుగూకంగ చూస్తె
ఎముక కొసలు గోరంత బయటవడ్డయి.
మాంసం నల్లగ, లోపల గులాబి రంగు.

రెండు బొక్కలు మోదుగాకుల చుట్టి
ఈదమ్మ కాడికి పోయిన.
మొద్దు మీద ఉప్పేసి రుద్దుతుంది.
చేతులు కడిగి, ఒకటి కొరికి,
శానాసేపు నమిలింది.
"పొగ మంచిగ పట్టింది.
ఉప్పు తక్కువైంది."

ఇంకేమన్న అంటదేమోనని నిలవడ్డ.
లేసి లోపటికి పోయింది.
పొయ్యి మీద దండెం,
దండెం మీద ఇనుప తీగె,
తీగెకు వరుసగ ఎముకలు ఏలాడుతున్నయి.
పొద్దటిది ఇంకా ఎర్రగనే ఉంది.
పోయిన వారంది గోధుమ రంగు.
ఆ ముందటిది బొగ్గు లెక్క.
"వానకాలం తట్టలు అమ్ముడువోకుంటె
మాకు గివే," అన్నది.

నల్లదాన్ని తెంపి నా చేతుల పెట్టింది.
గడపల నిలవడే తిన్న.
మీటరు లేదు, డ్రమ్ము లేదు,
ఇంటి పొగ మూడు వారాలు తిన్న బొక్క అది.
ఉప్పు సరిగ్గున్నది.